విశ్వవిద్యాలయం నుంచి హక్కుల సంఘానికి: బాలగోపాల్ ప్రస్థానంపై చర్చ

చదువరి:

కె. బాలగోపాల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మొదట వినిపించేది ఒకటే మాట. గణితంలో అంతటి మేధావి ఉద్యోగాన్ని గడ్డిపోచలా వదిలేసి ప్రజల పక్షాన నిలిచాడని అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ త్యాగమని పేరు పెట్టేస్తే ఒక నమస్కారం చేసి పక్కకు తప్పుకోవచ్చు. ఆ తర్వాత పాతికేళ్లలో ఆయన ఏం చేశారో, ఏ పద్ధతిలో చేశారో తెలుసుకోవలసిన పూచీ మనకు ఉండదు. ఈ చర్చను మొదలుపెట్టడానికి కారణం అదే.

తెలియనివారి కోసం ఆయన జీవితరేఖ క్లుప్తంగా చెబుతాను. 1952లో బళ్లారిలో పుట్టారు. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో గణితం చదివి, అందులోనే డాక్టరేటు పొంది, ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో కొంతకాలం పరిశోధన చేసి, 1981లో కాకతీయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. 1983లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1985లో విశ్వవిద్యాలయాన్ని వదిలారు. 1998 వరకు సంఘాన్ని నడిపి, భిన్నాభిప్రాయంతో బయటికి వచ్చి, ఆ ఏడాదే సహచరులతో కలిసి మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. చివరి దశాబ్దమంతా హైకోర్టులో న్యాయవాదిగా పనిచేశారు. 2009 అక్టోబరు 8న, 57 ఏళ్ల వయసులో, హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన పాండిత్యాన్ని వదిలిపెట్టి ఉద్యమంలోకి వెళ్లారని నేను అనుకోను. రుజువు దొరికేదాకా దేన్నీ ఒప్పుకోకూడదన్న పండితుల పట్టుదలను తరగతి గదిలోంచి పల్లెలకూ పోలీసు స్టేషన్లకూ వెంట తీసుకుపోయారు, అంతే. ఎక్కడో ఎదురుకాల్పులు జరిగాయని పత్రికలో వస్తుంది. మరణించిన వ్యక్తిని చివరిసారి చూసిందెవరు, ఎప్పుడు, ఎవరి వెంట? పోలీసు ప్రకటనలోని సమయమూ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తుపాకుల మోత వినిపించిన సమయమూ ఒకటేనా? గాయాలు ఒంటి మీద ఎక్కడెక్కడ ఉన్నాయి? గంటలకొద్దీ కాల్పులు జరిగాయంటున్నారు, మరి పోలీసుల పక్షంలో ఒక్కరికైనా గీత పడిందా? ఇవన్నీ అడిగి, జవాబు దొరకని చోట దొరకలేదనే రాసి, దొరికిన మేరకే నిర్ణయం చెప్పడం నిజనిర్ధారణ. ఆగ్రహంతో కరపత్రం రాయడం దీనికంటే చాలా తేలిక.

హక్కుల సంఘాన్ని నడపడానికి విద్యారంగంలో పొందిన శిక్షణ నిజంగా పనికొచ్చిందా, లేక ఇది నాలాంటి చదువుకున్నవాళ్లు తమను తాము మెచ్చుకోవడానికి అల్లుకున్న కథా? తెలిసినవాళ్లు చెప్పాలి.

ఓరుగల్లు పాఠకుడు:

చదువరి గారు, "1985లో విశ్వవిద్యాలయాన్ని వదిలారు" అని ఒక్క వాక్యంలో రాసేశారు. ఆ ఏడాది వరంగల్‌లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే ఆ నిర్ణయం అర్థం కాదు. ఎవరో కుర్చీలో కూర్చుని, గణితమా హక్కులా అని తూకం వేసుకున్నట్టు ధ్వనిస్తుంది.

1978 నాటి జగిత్యాల రైతుకూలీ కదలికల తర్వాత ఉత్తర తెలంగాణలో పల్లెపల్లెకూ పోలీసు క్యాంపులు వచ్చాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. ఆయన ఉద్యోగంలో చేరింది ఆ ఏడాదే. కాకతీయ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో చాలామంది ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్లే కనుక ఊళ్లో జరిగింది మర్నాటికల్లా తరగతికి చేరేది. గణితం చెప్పే అధ్యాపకుడికైనా అది వినబడకుండా ఉండే అవకాశం లేదు.

1985 జనవరిలో జగిత్యాలలో న్యాయవాది గోపి రాజన్నను చంపారు. అదే ఏడాది సెప్టెంబరు 3న వరంగల్ నగరంలో డాక్టర్ రామనాథాన్ని చంపారు. ఆయన పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘ నాయకుడు. అంతకుముందు హత్యకు గురైన ఒక సబ్‌ఇన్‌స్పెక్టర్ అంతిమయాత్ర సాగుతున్న సమయంలో, పట్టపగలు, ఆయన్ను సొంత క్లినిక్‌లోనే కాల్చారు. కాల్చింది పోలీసులేనని సంఘం ఆనాటి నుంచీ చెబుతూనే ఉంది. కొద్ది కాలానికే బాలగోపాల్‌ను నిర్బంధించారు. 1989లో "ప్రజాబంధు" అనే పేరుతో ఒక అజ్ఞాత ముఠా ఆయన్ను అపహరించింది. ఆ ముఠా వెనుక పోలీసులే ఉన్నారని హక్కుల సంఘాలు అప్పుడే అన్నాయి.

అంటే వరంగల్‌లో ఉండి పాఠం చెప్పుకుంటూ, సాయంత్రాలూ సెలవు రోజుల్లో హక్కుల పని చేసుకునే వెసులుబాటు ఆయనకు మిగల్లేదు. ఉద్యోగం ఆయన వదిలారనడం ఎంత నిజమో, అక్కడ ఉద్యోగం చేసుకునే పరిస్థితులు ఆయన్ను వదిలేశాయనడమూ అంతే నిజం. రామనాథం వైద్యవృత్తిని వదలకుండానే హక్కుల పని చేశారు, దాని ఫలితం చూశాం. త్యాగం కథలో నాకు నచ్చనిది ఇదే. రాజ్యం పాత్రను చెరిపేసి, అంతా ఒక వ్యక్తి మనోనిబ్బరంగా మార్చేస్తుంది.

న్యాయ విద్యార్థిని:

చదువరి గారి ప్రశ్నకు చట్టం వైపు నుంచి జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే ఆ శిక్షణ పనికొచ్చిందో లేదో తేలే చోటు అదేనని నా అభిప్రాయం.

ఎదురుకాల్పుల్లో ఎవరైనా మరణిస్తే పోలీసులు ఏళ్ల తరబడి చేస్తూ వచ్చింది ఇది. చనిపోయిన వ్యక్తి పోలీసుల మీద హత్యాయత్నం చేశాడని ఎఫ్ఐఆర్ రాసేవారు. ముద్దాయి మరణించాడు కనుక కేసు ముగిసిందని నివేదించేవారు. చంపినవారి మీద కేసే ఉండదు. చంపడం ఆత్మరక్షణ కోసమేనా అనే ప్రశ్న ఏ కోర్టు ముందుకూ రాదు. శిక్షాస్మృతి ఆత్మరక్షణ హక్కును అందరికీ ఇచ్చిన మాట నిజమే. అయితే ఆ హక్కును వాడుకున్నామని చెప్పేవారు దాన్ని విచారణలో నిరూపించుకోవాలి. మామూలు పౌరుడికి వర్తించే ఈ నియమం పోలీసుకు ఎందుకు వర్తించదు? హక్కుల సంఘం వాదనకు ఇదే మూలం. వినడానికి ఎంత సాదాగా ఉందో చూడండి. ఆవేశపడి నినాదమిచ్చే మనిషికి ఈ వాదన తట్టదు. ఎదుటివాళ్ల తర్కాన్ని చివరిదాకా అనుసరించి, అది ఎక్కడ తెగిపోతుందో కనిపెట్టేవాళ్లకు తడుతుంది.

పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీద జాతీయ మానవ హక్కుల సంఘం 1996 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. దాని ఆధారంగానే 1997 మార్చి 29న ఆ సంఘం అధ్యక్షుడు, జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. అలాంటి మరణాల సమాచారాన్ని స్టేషన్‌లో నమోదు చేయాలనీ, కాల్పుల్లో పాల్గొన్నది ఆ స్టేషన్ సిబ్బందే అయితే దర్యాప్తును సీఐడీ వంటి వేరే సంస్థకు అప్పగించాలనీ అందులో ఉంది. 2009 ఫిబ్రవరి 6న అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. పోలీసుల చేతిలో మరణం సంభవిస్తే ఎఫ్ఐఆర్ తప్పదనీ, ఆత్మరక్షణ అవునో కాదో విచారణలోనే తేలాలనీ చెప్పింది. ఆ తీర్పు అమలు కాకుండా సుప్రీంకోర్టు నిలుపుదల చేసింది. 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ (జాతీయ స్థాయి పౌరహక్కుల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టే దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. హైకోర్టు చెప్పినంత దూరం అవి పోలేదు.

ఇందులో ఏ ఒక్కటీ ఉపన్యాసాలతో రాలేదు. తేదీలూ, పేర్లూ, పంచనామాలూ, పోస్టుమార్టం నివేదికలూ ఒక్కొక్కటిగా పోగుచేసి ఉంచుకున్నందువల్ల జాతీయ సంఘం ముందు పెట్టడానికి ఫిర్యాదు అనేది ఒకటి తయారైంది. నలభై దాటాక లా చదివి వకీలు కావడం కూడా నాకు ఈ వరుసలోనిదిగానే కనిపిస్తుంది.

నిదానం:

న్యాయ విద్యార్థిని గారు చెప్పిన సంగతుల మీద నాకు అభ్యంతరం లేదు. వాటన్నిటినీ ఒక గణితాచార్యుడి శిక్షణ ఖాతాలో వేయడం మీద ఉంది.

నిజనిర్ధారణ అనే పద్ధతి బాలగోపాల్‌తో మొదలు కాలేదు. ఎమర్జెన్సీలో మెదక్ జిల్లా గిరాయిపల్లి దగ్గర విద్యార్థులను కాల్చి చంపిన ఘటన మీద 1977లోనే మాజీ న్యాయమూర్తి వి.ఎం. తార్కుండే నేతృత్వంలోని కమిటీ విచారణ చేసి అది బూటకమని చెప్పింది. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ ముందు సాక్ష్యాలు నడిపించింది న్యాయవాది కె.జి. కన్నబిరాన్. పౌరహక్కుల సంఘం 1970ల మొదట్లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా మొదలైంది. 1978 నుంచి సుమారు ఒకటిన్నర దశాబ్దం కన్నబిరాన్ అధ్యక్షుడిగా ఉన్నారు. బాలగోపాల్ వచ్చేనాటికి పునాదీ గోడలూ లేచే ఉన్నాయి. ఆయన ప్రతిభను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. సంస్థల చరిత్రను ఒక్క మనిషి జీవితచరిత్రగా రాసే అలవాటు మనకు బాగా ముదిరిపోయింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ప్రధాన కార్యదర్శి ఊరికి వచ్చేసరికి సాక్షులను గుర్తించి, భయపడే కుటుంబాన్ని మాట్లాడటానికి ఒప్పించి, రాత్రికి ఎక్కడ తలదాచుకోవాలో చూసి ఉంచింది ఎవరు? జిల్లా స్థాయి కార్యకర్తలు. ఊళ్లో బడిపంతుళ్లు, తాలూకా కోర్టులో ప్లీడర్లు, చిన్న పత్రికల విలేకరులు. నిజనిర్ధారణ బృందం మర్నాడు వెళ్లిపోతుంది, వాళ్లు ఆ ఊళ్లోనే ఉండాలి. చంపబడిన వారి వరుస చూడండి: గోపి రాజన్న, రామనాథం, 1986లో జాపా లక్ష్మారెడ్డి, 1991లో నర్రా ప్రభాకర్ రెడ్డి, 2000లో పురుషోత్తం, 2001లో అజం అలీ. వీళ్లలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒక్కడూ లేడు. పేరున్న మేధావికి ఆ పేరే ఎంతో కొంత రక్ష. జగిత్యాల ప్లీడరుకు అది లేదు.

చదువరి:

నిదానం గారు, మీ చివరి పేరాతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, దాని ముందుదానితో సగం. పద్ధతి ముందే ఉందన్నది నిజం. కానీ తార్కుండే కమిటీ ఒక ఘటనను పట్టుకుని చేసిన పని వేరు, ఏడాది పొడవునా ప్రతి జిల్లా నుంచీ వచ్చే ఘటనలకు అదే ప్రమాణాన్ని వర్తింపజేస్తూ పోవడం వేరు. రెండోదానికి ఓపిక కావాలి, అది వ్యవస్థగా మారాలి. ఆయన కార్యదర్శిగా ఉన్న పదిహేనేళ్లలో జరిగింది ఆ మార్పేనని నా వాదన.

దీనికి తోడు, చేతికి దొరికిన విషయాలను ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆయన వ్యాసాలుగా మలిచారు. కారంచేడు, చుండూరు దళితుల మీద దాడులు, రైతు వర్గాల రాజకీయాలు, మండల్ వివాదం, ఇలా ఎన్నో. ఒక హత్య జరిగినప్పుడు చంపినవాడెవడని అడగడంతో ఆగకుండా, ఆ ప్రాంతంలో భూమి ఎవరిది, కాలువ నీళ్లు వచ్చాక ఎవరు డబ్బు చేసుకున్నారు, ఆ డబ్బు సినిమా హాళ్లలోకీ కాంట్రాక్టుల్లోకీ రాజకీయాల్లోకీ ఎలా ప్రవహించింది అని వెతుక్కుంటూ పోయేవారు. నివేదిక రాసే కార్యకర్తా, వ్యాసం రాసే పండితుడూ అక్కడ ఒక్కరే. విశ్వవిద్యాలయంలో ఉండి ఉంటే ఆయన గణితంలో మరికొన్ని పత్రాలు రాసేవారు. కోస్తా జిల్లాల ధనిక రైతును మనకు ఇంత బాగా పరిచయం చేసేవారు కాదు.

సంఘ సభ్యుడు:

ఇంతవరకు ఎవరూ 1998 జోలికి పోలేదు. మర్యాద కోసం తప్పించుకుంటున్నారేమో అనిపించింది. నేను పౌరహక్కుల సంఘం వైపు నుంచి మాట్లాడుతున్నానని ముందే చెబుతున్నాను.

అప్పటి వివాదం స్థూలంగా ఇది. నక్సలైట్లు ఇన్ఫార్మర్ల పేరుతో మనుషులను చంపినప్పుడు, ప్రజాకోర్టులలో శిక్షలు వేసినప్పుడు హక్కుల సంఘం ఏమనాలి? మా సంఘంలో ఎక్కువమంది అభిప్రాయం ఏమిటంటే, హక్కులు రాజ్యాంగం ప్రజలకు ఇచ్చినవి, వాటిని కాపాడతానని ప్రమాణం చేసింది రాజ్యం, కనుక ఉల్లంఘనకు జవాబు చెప్పవలసింది కూడా రాజ్యమే. అణచివేతకు గురైనవారి తిరుగుబాటునూ, ఆయుధాలూ చట్టమూ రెండూ చేతిలో ఉన్న రాజ్యహింసనూ ఒకే త్రాసులో పెడితే అది తటస్థత కాదు, బలవంతుడికి చేసే సాయం. బాలగోపాల్ వాదన వేరు. హక్కులు మనుషులు చరిత్రలో పోరాడి నిర్మించుకున్న విలువలనీ, వాటికి సొంత ప్రమాణాలు ఉంటాయనీ, ఏ ఉద్యమ అవసరానికీ అవి లోబడి ఉండవనీ, అధికారం చెలాయించే ఎవరినైనా వాటితో కొలవవచ్చనీ ఆయన అన్నారు. ఏళ్ల తరబడి చర్చ నడిచాక ఆయనా మరికొందరూ బయటికి వెళ్లారు.

ఈ సందర్భంలో చదువరి గారి సిద్ధాంతం నాకు అనుమానంగానే ఉంది. రుజువు కోసం వెతికే పద్ధతి ఆయన్ను ఆ నిర్ణయానికి తెచ్చిందని మీరు అనబోతున్నారు. మాలో ఉండిపోయినవాళ్లు కూడా అవే ఊళ్లు తిరిగారు, ఆ సాక్షులనే విన్నారు, ఆ నివేదికల మీదే సంతకాలు పెట్టారు. మాకు వేరే నిర్ణయం తోచింది. వాస్తవాలు ఒకటే అయినప్పుడు తేడా రాజకీయ దృక్పథంలో ఉంటుంది. దాన్ని శాస్త్రీయ పద్ధతికి ఆపాదిస్తే మిగిలినవాళ్లం పద్ధతి లేనివాళ్లమని చెప్పినట్టే. పోలీసులు ఈ భేదాన్ని ఏమీ పట్టించుకోలేదన్నది కూడా గమనించాలి. పురుషోత్తం, అజం అలీ ఆ చీలిక తర్వాత చనిపోయినవారే.

చదువరి:

సంఘ సభ్యుడు గారి అభ్యంతరానికి బలముంది. వాస్తవాల నుంచి నేరుగా విలువలు పుట్టవన్న మాటను కాదనలేను. అయితే నేను అంటున్నది కొంచెం వేరు. సొంత పక్షానికి ఇబ్బంది కలిగించే సమాచారాన్ని కూడా బరువు తగ్గించకుండా లెక్కలోకి తీసుకోవడం పండితుడి వృత్తిధర్మం. సంఘ నాయకుడికి మాత్రం ఆ అలవాటు ఖర్చుతో కూడుకున్నది. తాను పదిహేనేళ్లు నడిపిన సంస్థను 46 ఏళ్ల వయసులో వదులుకోవలసి రావడం ఆ ఖర్చే. ఆయన నిర్ణయం ఒప్పా కాదా అన్నది వేరే చర్చ, దానికి ఇక్కడ ముగింపు దొరకదు.

తుంగభద్ర:

రాయలసీమ పాఠకుణ్ణి, ఒక చేర్పు మాత్రం చేస్తాను. 1998 తర్వాత మారింది హింస మీద వైఖరి ఒక్కటే కాదు. హక్కుల సంఘం పని అంటే ఎన్‌కౌంటర్లూ లాకప్ మరణాలూ అనుకునే రోజులు పోయి, మానవ హక్కుల వేదిక నివేదికల్లో గనులు, ప్రాజెక్టుల కింద నిర్వాసితులు, ప్రత్యేక ఆర్థిక మండళ్ల కోసం తీసుకున్న భూములు, ఏజెన్సీలో జ్వరాల మరణాలు, రైతుల ఆత్మహత్యలు, మా సీమలో ముఠా రాజకీయాలు, ఆడవాళ్ల మీద ఇంట్లో జరిగే హింస, ఇవన్నీ చేరాయి. షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ విషయంలో మాదిగల డిమాండును ఆయన సమర్థించారు. 2004 నవంబరులో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో దాన్ని కొట్టేసినప్పుడు ఆ తీర్పును విమర్శిస్తూ రాశారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టే ఆ తీర్పును పక్కన పెట్టింది. ఆయన బతికి ఉంటే, ఆనాడు తాను చేసిన వాదనల్లో ఏవి నెగ్గాయో, ఏవి నెగ్గలేదో విడమర్చి ఒక వ్యాసం రాసేవారు.

అధ్యాపకురాలు:

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బోధిస్తున్నదాన్ని. ఈ ప్రస్థానాన్ని మా విద్యార్థులకు చెప్పినప్పుడు వచ్చే మొదటి ప్రశ్న, ఉద్యోగం వదలక తప్పదా అని. తప్పదని నేను చెప్పను, ఎందుకంటే వేరే దారిలో నడిచినవాళ్లు కళ్లముందే ఉన్నారు.

ఆచార్య జి. హరగోపాల్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధిస్తూనే హక్కుల ఉద్యమంలో ఉన్నారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదికలో పనిచేశారు; ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య 2004లో జరిగిన చర్చలకు నేలను సిద్ధం చేసింది ఆ వేదికే. 2011లో మల్కన్‌గిరి కలెక్టరును, 2012లో సుక్మా కలెక్టరును మావోయిస్టులు అపహరించినప్పుడు మధ్యవర్తులుగా కూర్చున్నవారిలో ఆయన ఉన్నారు. అలాంటి పాత్రకు ఆచార్యుడనే గుర్తింపు అడ్డం కాలేదు సరికదా, రెండు పక్షాలూ ఒప్పుకోవడానికి అది కూడా ఒక కారణం అయివుంటుంది. జాతీయ స్థాయిలో రజనీ కొఠారీ ఉన్నారు. 1963లో వికాసశీల సమాజాల అధ్యయన కేంద్రాన్ని స్థాపించిన రాజనీతి పండితుడు, తర్వాత పీయూసీఎల్ అధ్యక్షుడయ్యారు. వాళ్లు ఎంచుకున్న శాస్త్రం వాళ్ల హక్కుల పనికి దగ్గరిది. గణితానికి ఆ సౌలభ్యం లేదు. పొద్దున టోపాలజీ, సాయంత్రం లాకప్ మరణం అనే జీవితం ఎన్నేళ్లు సాగుతుంది?

రెండో విషయం, జీతం. పౌరహక్కుల సంఘమూ, మానవ హక్కుల వేదికా విదేశీ నిధులు గానీ, దాతృత్వ సంస్థల గ్రాంట్లు గానీ తీసుకోవు. సభ్యుల చందాలతో, విరాళాలతో నడుస్తాయి. నాయకుడికి కూడా జీతం ఉండదు. ఇతర దేశాల్లో పెద్ద హక్కుల సంస్థకు సారథ్యం వహించే ఆచార్యుడు ఒక ఉద్యోగం నుంచి మరో ఉద్యోగానికి మారతాడు. ఇక్కడ ఒక ఉద్యోగం నుంచి అసలు ఉద్యోగమే లేని చోటికి వెళ్లాలి. ఆ సంస్థలకున్న విశ్వసనీయతలో ఎక్కువ భాగం ఆ నియమం వల్లనే వచ్చింది. అయితే ఇల్లు ఎవరి సంపాదనతో నడుస్తుంది అన్న ప్రశ్న మన త్యాగగాథల్లో ఎప్పుడూ రాదు. బాలగోపాల్ సహచరి పత్రికా రంగంలో పనిచేశారు. నెల జీతం తెచ్చే ఇంకొకరు ఇంట్లో లేకపోతే ఎంత నిబద్ధత ఉన్నా ఆ దారిలో పాతికేళ్లు నడవడం కష్టం. మా విద్యార్థినులు ఈ మాట వినగానే నవ్వుతారు. మా ఇళ్లలో ఆ ఏర్పాటు తిరగబడితే ఎవరు ఒప్పుకుంటారని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిదానం:

అధ్యాపకురాలి గారి రెండో విషయం ఈ చర్చలో ఇప్పటివరకు వచ్చిన వాటన్నిటికంటే ముఖ్యమైనదని నేను అనుకుంటున్నాను. జిల్లాల్లో హక్కుల సంఘాలు బడిపంతుళ్ల మీదా ప్లీడర్ల మీదా ఎందుకు నిలబడ్డాయో కూడా అందులోనే ఉంది. ఒకరికి ప్రభుత్వ జీతం, మరొకరికి సొంత ప్రాక్టీసు. ఇప్పుడు బడులలోనూ కళాశాలల్లోనూ కాంట్రాక్టు నియామకాలే ఎక్కువ. ఏడాదికోసారి ఉద్యోగం పునరుద్ధరించుకోవలసిన అధ్యాపకుడు ఎస్పీ కార్యాలయానికి వెళ్లి లాకప్ మరణం గురించి అడగగలడా? కొత్త సభ్యులు రావడం లేదని వాపోయేవాళ్లు ముందుగా ఆలోచించవలసింది దీని గురించి.

న్యాయ విద్యార్థిని:

నాయకుడు పోయాక సంస్థ నిలిచిందా లేదా అన్నదానితోనే నాయకత్వాన్ని అంచనా వేయాలి కనుక వాకపల్లి సంగతి చెబుతాను. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్లో, గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. మానవ హక్కుల వేదిక మొదటి నుంచీ వాళ్లకు తోడుగా ఉంది. రెండేళ్లకే బాలగోపాల్ మరణించారు. కేసు మాత్రం ఆగలేదు. హైకోర్టు, సుప్రీంకోర్టు దాటి విచారణకు వచ్చి, 2023 ఏప్రిల్‌లో తీర్పు వెలువడింది. దర్యాప్తు సరిగా జరగలేదన్న కారణంతో నిందితులు విడుదలయ్యారు, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. దీన్ని గెలుపు అనలేం. ఆ స్త్రీలలో కొందరు తీర్పు వినకుండానే చనిపోయారు. కానీ నాయకుడు పోయాక పద్నాలుగేళ్లపాటు ప్రతి వాయిదాకూ ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లారు, ఎవరో ఒకరు కొండెక్కి ఆ ఊరికి వెళ్లి ఏం జరుగుతోందో వాళ్లకు చెప్పారు.

పరిశోధక విద్యార్థి:

అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇదంతా చదివాక ఒక ఆచరణాత్మకమైన సందేహం కలిగింది. హక్కుల పని మీద ఆసక్తి ఉన్నవారు ముందు పరిశోధన పూర్తి చేయాలా, ఇప్పుడే ఏదైనా సంఘంలో చేరాలా? సలహా ఇవ్వగలరా?

సంఘ సభ్యుడు:

పరిశోధన పూర్తి చేయండి, సగంలో మానేయకండి. ఈలోగా మీ జిల్లాలో రెండింటిలో ఏ సంఘం చురుకుగా ఉంటే దాని కార్యదర్శిని కలిసి, వచ్చేసారి నిజనిర్ధారణకు వెళ్లేటప్పుడు కబురు పెట్టమని అడగండి. మొదటిసారి మీరు ప్రశ్నలు వేయనక్కరలేదు. కూర్చుని వినండి, చెప్పినవారి మాటల్లోనే రాసుకోండి. అడిగితే ఒప్పుకున్నవారి పేర్లు మాత్రమే రాయండి, వద్దన్నవారి పేర్లు మీ నోటుపుస్తకంలో కూడా ఉండకూడదు. ఎఫ్ఐఆర్ నకలు ఎలా సంపాదించాలో, మృతదేహాన్ని పంచనామా సమయంలో ఎవరు చూశారో ఎలా తెలుసుకోవాలో అక్కడి ప్లీడరు నేర్పుతారు. బస్సు చార్జీలు మీవే.

చదువరి:

ఆ చివరి వాక్యం విషయంలో రెండు సంఘాలకూ భేదాభిప్రాయం లేనట్టుంది. పాత బులెటిన్లు కావాలంటే నా దగ్గర కొన్ని ఉన్నాయి. ముందుగా 1980ల నాటి నివేదికలు రెండు మూడు చదవండి, తర్వాత 1998 వాదోపవాదాలకు రండి. వరుస తిప్పి చదివితే ఎవరి పక్షమో తేల్చుకోవాలనే తొందరలో అసలు నివేదికలు చదవడం మానేస్తారు.